ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకుంటే జివ్వుమంటోంది, మిస్త్రీ "మామూలే" అంటున్నాడు

వంశధార_ఒడ్డు
గుణుపురంలో అద్దె ఇల్లు. వైరింగ్ ఎప్పటిదో ఓనరుకే తెలీదు. వంటింట్లో సాకెట్ నల్లబడి కాలిన కంపు కొడుతుంటే తెలిసినవాళ్లు చెప్పిన మిస్త్రీని పిలిచి మార్పించాం. అప్పట్నుంచి కొత్త తంటా మొదలైంది. తడి చేత్తో ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. మిక్సీ వేస్తే ట్యూబ్‌లైటు మినుకుమంటోంది. టెస్టర్ పెట్టి చూశాను. ఎడమ కన్నంలో బాగా వెలుగుతోంది. కుడి కన్నంలోనూ, పైన పెద్ద కన్నంలోనూ ఒక్కోసారి సన్నగా వెలుగుతుంది, ఒక్కోసారి అసలు లేదు. మిస్త్రీకి ఫోన్ చేస్తే "పాత ఇళ్లలో మామూలే సార్, చెప్పులేసుకుని ఫ్రిజ్ తియ్యండి" అన్నాడు. వంటింట్లోకి చెప్పులతో వెళ్తే మా అమ్మ ఊరుకోదు, అది వేరే సంగతి. ఇంట్లో చిన్నపాప ఉంది, అదే నా టెన్షన్. నేను విప్పి చూడొచ్చా, ఇంకో మనిషిని వెతకాలా?

బరంపురం_బుజ్జి
మా ఇంట్లోనూ ఇదే గోల. ఫ్రిజ్ కింద చెక్క స్టాండు పెట్టాం, సర్దుకుంది.

రాయగడ_రాజు
సర్దుకోలేదు బుజ్జీ, నీకు అలవాటైపోయింది.

దెగ్లూర్_దత్తు
ఫ్రిజ్ తప్పే కావొచ్చు కదా. కంప్రెసర్ కాయిల్ లీకైతే బాడీకి కరెంటు వస్తుంది. ఎర్త్ (లీకైన కరెంటుని నేలలోకి దించే తీగ)తో పాటు ఆర్‌సిసిబి (కరెంటు లీకైతే సప్లై తెంపేసే స్విచ్) ఉన్న ఇంట్లో ఓసారి పెట్టి చూడండి. లీకుంటే వెంటనే పడిపోతుంది.

వంశధార_ఒడ్డు
ఫ్రిజ్ దాదాపు కొత్తదే. పైగా అదే సాకెట్లో ఇస్త్రీ పెట్టె పెడితే దాని ఇనుప భాగం కూడా జిల్లుమంది.

కిట్‌కాట్
అయితే మిస్త్రీ నిజమే చెప్పాడు. ఆ సాకెట్‌కి అది మామూలే.

పర్మిట్_మామ
వంశధార గారూ, రెండు సంగతులు చెప్పండి. కుడి కన్నం, పై కన్నం కలిసే వెలుగుతున్నాయా, విడివిడిగానా? మీ మీటరు దగ్గర నుంచి ఆకుపచ్చ వైరు గానీ, ఒట్టి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ గానీ నేలలోకి దిగుతోందా? ఇవి చూసి చెప్పేదాకా ఆ బోర్డులో ఏదీ పెట్టొద్దు. పాలూ పెరుగూ పక్కింట్లో పెట్టుకోండి, ఫ్రిజ్ ప్లగ్గు పీకేయండి. ప్లగ్గు పీకేటప్పుడు కూడా పొడి చేత్తో, ప్లగ్గుని పట్టుకుని లాగండి, ఫ్రిజ్‌ని ఆనుకోవద్దు.

బుజ్జి గారూ, చెక్క స్టాండు సంగతి. ఫ్రిజ్‌ని చెక్క మీద పెడితే బాడీలో ఉన్న కరెంటు ఎక్కడికీ పోదు. మీరు నిలబడింది నేల మీద, పట్టుకున్నది ఫ్రిజ్‌ని. మీ ఒంట్లోంచి దారి అలాగే ఉంది. చెక్క మీద నిలబడాల్సింది మీరు, ఫ్రిజ్ కాదు. అలాగని స్టూలు తెచ్చుకోకండి, ఎర్త్ వేయించుకోండి.

వంశధార_ఒడ్డు
ఇప్పుడే చూశా. రెండూ కలిసే వెలుగుతున్నాయి, కలిసే ఆరిపోతున్నాయి. మిక్సీ తిరిగేటప్పుడు ఎక్కువ. (సారీ మామా, మీ పోస్టు చూడకముందే మిక్సీ పెట్టాను.) మీటరు దగ్గర రెండు పింగాణీ ఫ్యూజులు, ఒక మెయిన్ స్విచ్. అక్కడి నుంచి ఒక జీఐ తీగ గోడ వెంట పెరట్లోకి వెళ్లి కుళాయి గొట్టానికి చుట్టి ఉంది. ఆ గొట్టం తుప్పుపట్టి పగిలితే ఓనరు నేల దగ్గర్నుంచి ప్లాస్టిక్ గొట్టం వేయించారట. తీగ మాత్రం పైన మిగిలిన ఇనుప ముక్కకి చుట్టే ఉంది.

సిరొంచ_శీను
అంటే ఎర్త్ ప్లాస్టిక్ గొట్టం మీద కూర్చుంది. బ్రహ్మాండం.

పర్మిట్_మామ
ఇక విప్పకముందే చెప్పొచ్చు, తొంభై పాళ్లు ఇదే. మీ మిస్త్రీ సాకెట్ వెనక న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి ఒక చిన్న వైరుముక్క వేశాడు. బోర్డులోకి ఎర్త్ వైరు రాలేదు, ఎర్త్ కన్నం ఖాళీగా ఉంచితే అడుగుతారని ఆ ముక్కతో కలిపేశాడు. ఇటువైపు, అటు పాతపట్నంలోనూ ఈ పని లెక్కలేనన్నిసార్లు చూశాను. దాని పైన రెండో తప్పు, న్యూట్రల్ స్క్రూ లూజు.

రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. మిక్సీలోకి ఫేజ్ నుంచి వచ్చిన కరెంటు న్యూట్రల్ ద్వారా తిరిగి వెళ్లాలి. అక్కడ స్క్రూ లూజైతే తిరుగుదారి తెగినట్టే. అప్పుడు మిక్సీ ఇవతల న్యూట్రల్ వైరంతా ఫేజ్ లాగే అయిపోతుంది. అందుకే కుడి కన్నంలో టెస్టర్ వెలుగుతోంది. ఆ ముక్క ఉంది కాబట్టి పై కన్నంలోనూ వెలుగుతోంది. ఫ్రిజ్ బాడీ పై కన్నానికే కదా తగిలి ఉండేది, బాడీ మొత్తం కరెంటే. ఇప్పటికి స్క్రూ సగం ఆనుతోంది కాబట్టి జివ్వుమంటోంది. పూర్తిగా ఊడిన రోజు జివ్వుమనదు, పట్టుకున్న చెయ్యి వదలదు.

ఇంకోటి, ఫేజ్ ఎడమ కన్నంలో ఉంది. మన సాకెట్‌కి ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్, పైన ఎర్త్. అదీ తిరగేశాడు.

రాయగడ_రాజు
ఒక చిన్న డౌటు మామా. న్యూట్రల్ ఎలాగూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ అయ్యే ఉంటుంది కదా. అలాంటప్పుడు ఇంట్లో రెండూ కలిపితే తప్పేంటి? చాలామంది మిస్త్రీలు ఇదే వాదిస్తారు.

పర్మిట్_మామ
ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కలపడం వేరు, మీ వంటింట్లో కలపడం వేరు రాజూ. ఎర్త్ వైరులో మామూలుగా కరెంటు ప్రవహించకూడదు, ఆపద వేళ మాత్రమే అది పని చెయ్యాలి. న్యూట్రల్‌లో ఎప్పుడూ కరెంటు తిరుగుతూనే ఉంటుంది. దాని దారిలో స్తంభం మీద ఒక క్లాంపు, మీటరులో ఒక స్క్రూ, ఫ్యూజులో ఒక స్క్రూ, బోర్డులో ఇంకో స్క్రూ. వీటిలో ఏ ఒక్కటి ఊడినా బాడీకి కరెంటు ఎక్కుతుంది. మన ప్రాణాన్ని ఇన్ని స్క్రూలకి అప్పగించడం ఎందుకు?

దెగ్లూర్_దత్తు
ఒక చిన్న అభ్యంతరం. ఎర్త్ కన్నంలో టెస్టర్ సన్నగా వెలిగినంత మాత్రాన ఈ ముక్క ఉన్నట్టు కాదు. ఎర్త్ అసలే లేకుండా కన్నం ఒంటరిగా ఉన్నా, కంప్యూటరు లాంటివి పెడితే వాటి లోపలి ఫిల్టరు కెపాసిటర్ల వల్ల బాడీలో సగం వోల్టేజి చూపిస్తుంది. అదీ జివ్వుమంటుంది. నియాన్ టెస్టర్‌ని నమ్మి ఇంత తీర్పు చెప్పకూడదు.

పర్మిట్_మామ
ఒప్పుకుంటా దత్తు గారూ. టెస్టర్ ఉందో లేదో చెబుతుంది, ఎంతో చెప్పదు. కానీ రెండు కన్నాలూ కలిసే వెలిగి కలిసే ఆరుతున్నాయి అన్నారు చూడండి, దాని మీద అన్నాను. ఇస్త్రీ పెట్టెలో ఫిల్టరు ఏముంది?

దెగ్లూర్_దత్తు
అది నిజమే. ఇస్త్రీ పెట్టె మాట మర్చిపోయా.

అయినా మల్టీమీటరు ఉన్నవాళ్లకి ఒక చిట్కా. ఫేజ్–న్యూట్రల్ మధ్య 230 చుట్టుపక్కల రావాలి. ఫేజ్–ఎర్త్ మధ్య కూడా అంతే రావాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య ఒకటో రెండో వోల్టులు వస్తే మంచి ఇల్లు. అక్కడ పెద్ద లోడు తిరుగుతున్నా ఖచ్చితంగా సున్నా వస్తే మాత్రం సంతోషించకండి, అనుమానించండి. వెనకాల ఎవరో రెంటినీ కలిపేసి ఉంటారు.

కిట్‌కాట్
జీవితంలో మొదటిసారి సున్నా వస్తే భయపడమని చెప్పినవాణ్ణి చూశా.

జయపురం_జ్యోతి
నాకో వేరే వింత. రాత్రి స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు దెయ్యంలా సన్నగా వెలుగుతూ ఉంటుంది. మా పిల్లలు ఆ గదిలో పడుకోం అంటున్నారు. ఇదీ న్యూట్రల్ గొడవేనా?

సిరొంచ_శీను
జ్యోతక్కా, స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటరు లైటు ఉందా? ఉంటే దానిగుండా కాస్త కరెంటు పారి బల్బు మినుకుమంటుంది. అది లేకపోతే మాత్రం స్విచ్ న్యూట్రల్ మీద వేసుంటారు.

పర్మిట్_మామ
శీను సరిగ్గా చెప్పాడు. స్విచ్ ఎప్పుడూ ఫేజ్‌నే తెంపాలి. న్యూట్రల్‌ని తెంపినా బల్బు ఆరుతుంది, ఫ్యాను ఆగుతుంది, ఇంట్లోవాళ్లకి తేడా తెలియదు. కానీ హోల్డరులో ఫేజ్ అలాగే ఉంటుంది. స్విచ్ ఆపేశాం కదా అని బల్బు మార్చడానికి స్టూలెక్కినవాడు కింద పడేది ఇలాగే.

జయపురం_జ్యోతి
ఇండికేటరు లేదు. స్విచ్ ఆపి హోల్డరు పిన్నుల దగ్గర టెస్టర్ పెట్టి చూశా, ఒక పిన్ను మీద వెలిగింది. ఆ మిస్త్రీని వెతుకుతున్నాను.

నాకొక మాట చెప్పాలనుంది. ఇక్కడ ఎప్పుడు చూసినా అందరూ పర్మిట్ (వైరింగు పనికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు) ఉన్నవాణ్ణి పిలవండి అంటారు. ఒక్క స్విచ్ కోసం వాళ్లెవరూ రారు. మా ఊళ్లో వర్షాకాలంలో అయితే ఫోన్ కూడా ఎత్తరు. నేను నాలుగైదు స్విచ్‌లు, ఒక సాకెట్ స్వయంగా మార్చాను, యమర్జెన్సీలో నేర్చుకోక తప్పలేదు. ఆడవాళ్లు చెయ్యకూడదని ఎవరన్నా అంటే ఆ పోస్టు నాకు చూపించండి.

బరంపురం_బుజ్జి
ఎవరూ అనలేదు అక్కా. అనే ధైర్యం లేదు.

సిరొంచ_శీను
మార్చుకోవచ్చు కానీ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లు జాగ్రత్త. మా బావ మెయిన్ దించేసి సాకెట్ విప్పాడు. టెస్టర్ కూడా పెట్టలేదు, మెయిన్ దించాను కదా అని ధీమా. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ ఆ గదికి సప్లై ఇచ్చేసింది. కొట్టిన దెబ్బకి స్క్రూడ్రైవరు మంచం కిందకి పోయింది. చెయ్యి రెండు రోజులు తిమ్మిరి. మా ఏరియాలో కోతలు ఎక్కువ, ఇంటింటికీ ఇన్వర్టరే. మెయిన్ దించితే సగం పనే, ఇన్వర్టర్ కూడా ఆపి దాని అవుట్‌పుట్ ప్లగ్గు పీకాలి.

పర్మిట్_మామ
శీను పోస్టు ఈ దారంలో అన్నిటికంటే ముఖ్యమైనది. దానికి ఒక్కటి కలుపుతాను. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి వెలుగుతోందని చూసుకోండి. తర్వాత పని చెయ్యాల్సిన చోట పెట్టండి. మళ్లీ కరెంటు ఉన్నచోట పెట్టి చూడండి. మధ్యలో టెస్టరే పాడైతే అది ఆరిపోయి ఉంటుంది, మీరు కరెంటు లేదనుకుంటారు. ఫ్యూజు పీకితే జేబులో వేసుకోండి. బల్ల మీద పెడితే ఇంట్లో ఎవరో ఒకరు సీరియల్ టైమైందని తగిలించేస్తారు.

జ్యోతమ్మా, మీరు చేసిందాన్ని తప్పనను. ఉన్న స్విచ్ తీసి అలాంటిదే పెట్టడం ఒక రకం. కొత్త లైను లాగడం, ఫ్యూజు బోర్డు, మీటరు, ఎర్త్, ఇవి పర్మిట్ ఉన్నవాళ్ల పనే. మీటరు సీలు ముట్టుకుంటే అసలు కేసవుతుంది.

జయపురం_జ్యోతి
ఆ గీత ఒప్పుకుంటాను. అయితే సాకెట్‌లో వైరు ఎలా కూర్చోబెట్టాలో కాస్త విడమర్చి చెప్పండి మామా. వీడియోలలో చకచకా చూపించి పాట పెడతారు.

పర్మిట్_మామ
రాత్రి వరకు బేరాలు లేవు, చెబుతా.

మొదట తోలు తీయడం. చాలామంది బ్లేడుతో చుట్టూ గీసి లాగుతారు, కొందరు పళ్లతో పీకుతారు. బ్లేడు గీత రాగి మీద పడితే అక్కడ పోగులు తెగి వైరు సన్నబడుతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు కాస్తా ఆ చోట ఒకటిన్నర వైరైపోతుంది. వేడెక్కేది అక్కడే. స్ట్రిప్పర్ ఖరీదు పెద్దదేం కాదు. స్క్రూ కన్నం లోతు ఎంతో అంతే తోలు తీయాలి, మామూలుగా ఒక సెంటీమీటరు లోపే. ఎక్కువ తీస్తే రాగి బయట కనిపిస్తుంది, పక్క వైరుకి తగులుతుంది. తక్కువ తీస్తే స్క్రూ తోలు మీద కూర్చుంటుంది, బిగిసినట్టే ఉంటుంది కానీ రాగికి ఆనదు. మీ సాకెట్ వెనక ఎంత తీయాలో చిన్న గీత కూడా ఉంటుంది చూడండి.

పోగుల వైరైతే మెలితిప్పి, కన్నం పెద్దదైతే వెనక్కి మడిచి దోపండి. ఒక్క పోగు కూడా బయట ఉండకూడదు. పోగులు కన్నంలో పట్టడం లేదని నాలుగు కత్తిరించి పారేసేవాళ్లున్నారు, అది మహాపాపం. స్క్రూ బిగించాక వైరుని పట్టుకుని గట్టిగా లాగండి. రావాలనుకుంటే అప్పుడే వస్తుంది. ఆ తర్వాత మరోసారి స్క్రూ తిప్పి చూడండి, పోగులు సర్దుకుని అర చుట్టు ఇంకా దిగుతుంది. సగం మంది ఈ అర చుట్టే వదిలేస్తారు.

ఒక స్క్రూ కింద మూడు వైర్లు కుక్కొద్దు. ముఖ్యంగా లావు వైరు, సన్న వైరు కలిపి. లావుది స్క్రూని ఆపేస్తుంది, సన్నది కింద ఆడుతూ ఉంటుంది.

రంగులు: ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌కి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్త్‌కి. సాకెట్ వెనక ఎల్, ఎన్ అక్షరాలూ, ఎర్త్ గుర్తూ అచ్చువేసే ఉంటాయి. పాత ఇళ్లలో రంగుని నమ్మొద్దు. ఏ కట్ట మిగిలితే అది లాగారు. మొత్తం ఇల్లు ఎరుపే ఉన్నవి చూశాను.

బాక్సులో ఓ జానెడు వైరు మిగల్చండి. పదేళ్ల తర్వాత సాకెట్ మార్చేవాడు మీకు దండం పెడతాడు. గొట్టం లోపల మాత్రం అతుకు వేయొద్దు, టేపు చుట్టినా సరే. అతుకు వేయాల్సి వస్తే జంక్షన్ బాక్సులో, కనెక్టరుతో.

రాయగడ_రాజు
పాత అల్యూమినియం వైర్లున్న ఇంటికి రాగి వైరు కలపొచ్చా? మా తాతగారి ఇంట్లో అంతా అల్యూమినియమే.

పర్మిట్_మామ
నేరుగా మెలితిప్పి కలపొద్దు. తేమ తగిలితే రెండు లోహాల మధ్య తినేసి, వదులై, కాలుతుంది. మన వానలకి ఇంకా తొందరగా. దానికోసం వేరే కనెక్టర్లు ఉంటాయి. డబ్బు ఉంటే పైపుల్లోంచి పాతది లాగేసి రాగి లాగించేయడమే మేలు.

కిట్‌కాట్
నా పేరు పెట్టుకున్నది చాక్లెట్ మీద కాదు, మా ఇంటి పింగాణీ ఫ్యూజు మీద. మా నాన్న అందులో ఫ్యూజు వైరు బదులు లావు రాగి పోగులు చుట్టేవారు, "ఇంక పోదురా" అని గర్వంగా. నిజంగానే పోలేదు. గోడలో వైరు పోయింది.

దెగ్లూర్_దత్తు
ఎంసిబి (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్)లతోనూ అదే చేస్తున్నారు ఇప్పుడు. పదేపదే పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32ది పెడతారు. వైరు మాత్రం 1.5 అలాగే. ఎంసిబి కాపాడేది వైరుని, మిక్సీని కాదు. వైరు మోయగలిగినదానికంటే పెద్ద ఎంసిబి పెడితే ముందు కాలేది వైరే.

లెక్క సులువు. వాట్లని 230తో భాగిస్తే ఆంపియర్లు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి అంటే 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల చిన్న సాకెట్ 1380 వాట్ల దగ్గరే ఆగిపోవాలి. కన్వర్షన్ ప్లగ్గు తగిలించి ఇండక్షన్‌ని చిన్న సాకెట్లో పెట్టేవాళ్లు ఎంతమంది! వంశధార గారి మొదటి సాకెట్ నల్లబడింది కూడా అందుకే అయ్యుండొచ్చు.

వంశధార_ఒడ్డు
గీజరు రాడ్డు కూడా అదే సాకెట్లో పెట్టేవాళ్లం చలికాలంలో. ఇక చెప్పక్కర్లేదు.

బరంపురం_దుకాణం
మాది ఎలక్ట్రికల్ షాపు, పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు. జనం వచ్చి "7/20 ఇవ్వండి" అంటారు ఇప్పటికీ. అది పాత గేజు కొలత, 4 స్క్వేర్ ఎంఎం కంటే కాస్త లావే. ఇప్పుడు కట్టల మీద స్క్వేర్ ఎంఎంలోనే ఉంటుంది. లైట్లకి 1 లేదా 1.5, పవర్ సాకెట్‌కి 2.5, ఏసీకీ పెద్ద గీజరుకీ 4. కట్ట 90 మీటర్లు. ఐఎస్ఐ గుర్తు, దానితో ఐఎస్ 694 అనే నంబరు ఉందా చూసుకోండి. చౌకగా ఉందని కొన్న కట్టని తూచి చూడండి, తేలిగ్గా ఉంటే రాగి తిన్నారన్నమాట.

సిరొంచ_శీను
ఆర్‌సిసిబి గురించి ఎవరూ మాట్లాడరేంది? ఎర్త్ గిట్ల వేసే లోపు అదన్నా పెట్టించుకోమనండి.

దెగ్లూర్_దత్తు
పెట్టించుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్లది. ఫేజ్‌లో వెళ్లింది న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే తెంపేస్తుంది. ఎర్త్ లేకపోయినా పని చేస్తుంది, కాకపోతే ఎర్త్ ఉంటే బాడీకి లీకైన క్షణమే పడుతుంది, ఎర్త్ లేకపోతే మనిషి పట్టుకున్నాక పడుతుంది. ఆ తేడా ఉంది. ఓవర్‌లోడుకి మాత్రం అది పనికిరాదు, ఎంసిబి విడిగా ఉండాలి.

రాయగడ_రాజు
మా పక్కింట్లో ఆర్‌సిసిబి ఊరికే పడిపోతోందని మిస్త్రీ దాన్ని బైపాస్ చేసి వెళ్లిపోయాడు. డబ్బా గోడ మీద అందంగా ఉంది.

పర్మిట్_మామ
ఊరికే పడదు రాజూ. ఒక గది ఫేజ్‌కి వేరే గది న్యూట్రల్ అరువు తెచ్చుకుని ఉంటారు, లేదా ఏదో సాకెట్లో మన వంశధార గారి ముక్క లాంటిది ఉంటుంది. అది తప్పు పట్టుకుంటోంది, వీళ్లు దాన్నే తప్పంటున్నారు.

కాశీనగర్_కోడలు
వానాకాలం కాబట్టి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వంశధార నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. కింది సాకెట్లన్నీ మునిగాయి. నీళ్లు తీశాక మామయ్యగారు కరెంటు వెయ్యబోతే ఎదురింటి పెద్దాయన పరుగున వచ్చి ఆపారు. సాకెట్లు విప్పితే లోపలంతా ఒండ్రు మట్టి. ఎండబెట్టినా ఇత్తడి ఆకులు పచ్చగా పట్టేశాయి, అన్నీ మార్పించాం. మునిగిన ఎంసిబిలు కూడా పారేశాం. ఇప్పుడు మా ఇంట్లో సాకెట్లు ఛాతీ ఎత్తులో ఉంటాయి. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

బరంపురం_బుజ్జి
ఏటి నవ్వేది, మా ఇంట్లోనూ అలాగే పెట్టిస్తా.

దెగ్లూర్_దత్తు
న్యూట్రల్ ఇంట్లోనే కాదు, స్తంభం మీద కూడా తెగుతుంది. మా వీధిలో ఓ సాయంత్రం మూడు ఫేజుల లైను న్యూట్రల్ ఊడింది. మా ఇంట్లో లైట్లు వెలవెలబోయాయి. ఎదురింట్లో ధగధగా వెలిగి టీవీ, సెట్‌టాప్ బాక్సు, రెండు చార్జర్లు పోయాయి. తక్కువ లోడున్న ఇంటికి 400 వోల్టుల దాకా ఎక్కేస్తుంది. లైట్లు అకస్మాత్తుగా అతిగా వెలిగినా, ఫ్యాను పిచ్చిగా తిరిగినా ఆలోచించకండి, మెయిన్ దించి 1912కి ఫోన్ చేయండి. ఆ నంబరు ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ పని చేస్తుంది.

జయపురం_జ్యోతి
ఫోన్ ఎత్తుతారా అన్నది మీ అదృష్టం.

వంశధార_ఒడ్డు
అప్‌డేట్. ఓనరుకి ఈ దారం చదివి వినిపించాను. "కరెంటు పని ఖర్చు అద్దెదారుడిదే" అని మొదలెట్టి, కుళాయి గొట్టం సంగతి రాగానే మెత్తబడ్డారు. పర్మిట్ ఉన్న ఒకాయన పార్వతీపురం నుంచి వచ్చారు. ఫ్యూజు పీకి, టెస్టర్‌తో మామ చెప్పినట్టే మూడుసార్లు చూసి (ఆయనకి ఈ దారం తెలీదు, అలవాటట) సాకెట్ విప్పారు.

మామ అన్నట్టే ఉంది. న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి వేలెడు నల్ల వైరుముక్క. న్యూట్రల్ స్క్రూ కింద మూడు వైర్లు: వచ్చేది, ట్యూబ్‌లైటుకి వెళ్లేది, ఆ ముక్క. ఆయన వేలితో ముట్టుకోగానే మొదటి వైరు బయటకొచ్చేసింది. దాని చివర రాగి గులాబీ రంగులో లేదు, నల్లగా, తోలు ఓ అంగుళం మేర పెళుసై పెచ్చులూడుతోంది. సాకెట్ మాత్రం కొత్తగా తెల్లగా మెరుస్తోంది, బయట నుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు కాలిన భాగం కత్తిరించి, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టి, దానికి వేరే 2.5 లైను లాగారు. ఫేజ్ కుడివైపుకి మార్చారు. ట్యూబ్‌లైటు న్యూట్రల్‌ని విడిగా కనెక్టరులో కలిపారు. పింగాణీ ఫ్యూజుల స్థానంలో ఎంసిబిలు, ఒక ఆర్‌సిసిబి. ఎర్త్ గుంత రేపు తవ్వుతారు.

కిట్‌కాట్
పింగాణీ ఫ్యూజులు పారేశారా? మా జాతికి తీరని లోటు.

పర్మిట్_మామ
మంచి మనిషి దొరికాడు. ఎర్త్ గుంత ఎక్కడ తవ్వుతున్నారో చూసుకోండి. వంటింటి తూము నీళ్లు, స్నానాల నీళ్లు పారే వైపు అయితే ఎప్పుడూ తడిగా ఉంటుంది. జీఐ పైపు రెండున్నర మీటర్లది నిలువుగా దించాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. పైన మూత ఉన్న చిన్న గట్టు కట్టించి, వేసవిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పొయ్యండి. పైపు నుంచి వచ్చే తీగ నట్టూ బోల్టుతో బిగించాలి, ఊరికే చుట్టడం కాదు. ఆ తీగ ప్రతి సాకెట్ ఎర్త్ కన్నానికీ చేరాలి. గుంత బాగా తవ్వి, లోపలికి వైరు లాగకుండా వదిలేసిన ఇళ్లు బోలెడు.

రాయగడ_రాజు
ఓనరు ఎంత ఇచ్చారు?

వంశధార_ఒడ్డు
సగం. మిగతా సగం అద్దెలో తీసేసుకోమన్నారు. అంటే ఎవరిచ్చినట్టో నాకూ అర్థం కాలేదు.

బరంపురం_బుజ్జి
మామా, మా ఫ్రిజ్ సంగతి కూడా చూడాలి ఇప్పుడు. సాకెట్లోకి ఎర్త్ వైరు వచ్చిందో లేదో విప్పకుండా తెలుసుకోవచ్చా? మా తమ్ముడు వంద వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టి ఫేజ్‌లో ఒకటి, ఎర్త్‌లో ఒకటి పెట్టి చూద్దాం అంటున్నాడు.

పర్మిట్_మామ
తమ్ముణ్ణి ఆపండి. ఒట్టి వైర్లు సాకెట్లో దోపే పని ఇంట్లో వద్దు. పైగా వెనక ఆ ముక్క వేసుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఎర్త్ అద్భుతంగా ఉందనుకుంటారు. నిజమైన ఎర్త్ ఉండి ఆర్‌సిసిబి కూడా ఉంటే అది పడిపోతుంది, మీరు కంగారు పడతారు. దత్తు గారు చెప్పినట్టు మల్టీమీటరుతో లోడు మీద న్యూట్రల్–ఎర్త్ చూడటం నయం, అది కూడా మీటరు పట్టుకోవడం తెలిసినవాళ్లే. ఖాయంగా తెలియాలంటే విప్పి చూడాల్సిందే. ఈలోగా ఫ్రిజ్ ప్లగ్గుకి మూడు పిన్నులూ ఉన్నాయా చూడండి. సాకెట్లో పట్టడం లేదని పై పిన్ను కోసేస్తారు కొందరు. అది మిగతావాటి కంటే పొడుగ్గా చేసిందే లోపలికి ముందు తగిలి, బయటకి ఆఖరున ఊడాలని.

బరంపురం_బుజ్జి
చూశా. పై పిన్ను లేదు.

రాయగడ_రాజు
😐

పర్మిట్_మామ
ప్లగ్గు పీకి పక్కన పెట్టండి, కొత్త ప్లగ్‌టాప్ వేయించాకే మళ్లీ పెట్టండి. ఆ పనికి వచ్చినవాడితోనే సాకెట్ కూడా విప్పించి చూడండి. ఆర్‌సిసిబి పెట్టించుకున్నవాళ్లు దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కితే పడాలి. పడకపోతే అది గోడకి బొమ్మే.

వంశధార_ఒడ్డు
ఎర్త్ అయిపోయింది మామా. తూము పక్కనే తవ్వించాం. రాళ్లు అడ్డొచ్చి కూలీ ఇంకో రోజు పట్టింది. వంటింటి సాకెట్లో న్యూట్రల్–ఎర్త్ మధ్య మిక్సీ తిరుగుతుంటే ఒక వోల్టు పైచిలుకు వచ్చింది. హాల్లో, పడగ్గదిలో సాకెట్లకి ఇంకా ఎర్త్ వైరు లాగలేదు, పైపుల్లో చోటు లేదట, గోడ మీద కేసింగ్ (ప్లాస్టిక్ పట్టీ) వేసి లాగుతామన్నారు. అప్పటిదాకా ఇస్త్రీ కూడా వంటింట్లోనే.

జయపురం_జ్యోతి
కేసింగ్ వేయించేటప్పుడు రెండు సాకెట్లు ఎక్కువే పెట్టించుకోండి. లేకపోతే మళ్లీ ఎక్స్‌టెన్షన్ బాక్సులు మొదలవుతాయి.